బందరు వెళ్ళొచ్చిన బొటనవేలు

మా వదిన ఎడమచేతి బొటనవేలు బందరు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. మనిషి మాత్రం పుట్టిల్లు చాట్రాయి నుంచి అత్తిల్లు నూజివీడు దాకా తప్ప వేరే ప్రయాణం ఎరగదు.

ఇంట్లో ఈ మాట మొదట అన్నది నేనే. ఆ సమయానికి అమ్మ చేతిలో అట్లకాడ ఉంది కాబట్టి, అనేసిన వెంటనే పెరట్లోకి పరిగెత్తాను. కానీ సంగతి నిజం. రంగూను వెళ్ళడానికి వదిన పెట్టుకున్న దరఖాస్తు బందరు కలెక్టరాఫీసు నుంచి వెనక్కి వచ్చేసింది. కారణం ఆ వేలు.

రంగూనులో ఉన్నది మా అన్నయ్య. యుద్ధం అయిపోయాక మన వైపు వాళ్ళు మళ్ళీ ఒక్కొక్కరే బర్మా ఓడలు ఎక్కుతుంటే వాడూ ఎక్కాడు. అక్కడ మనవాళ్ళదే ఒక బియ్యం కొట్లో లెక్కలు రాసే ఉద్యోగం. మధ్యలో ఒకసారి వచ్చి, పెళ్ళి చేసుకుని, పట్టుమని రెండు నెలలు కూడా ఉండకుండా వెళ్ళిపోయాడు. "ఇల్లు చూసి కబురు చేస్తాను, వచ్చేద్దువుగాని" అని వదినతో చెప్పాడు. ఇల్లయితే చూశాడు. ఈలోపల ఆ దేశానికి స్వాతంత్య్రం వచ్చేసింది, మనకు వచ్చిన కొద్ది నెలలకే. అంతకుముందు టిక్కెట్టు కొనుక్కుని ఓడెక్కితే సరిపోయేది. ఇకనుంచి పర్మిట్టు లేకుండా ఎవరూ అక్కడ దిగడానికి వీల్లేదన్నారు.

"మనకీ స్వాతంత్య్రం వచ్చె, వాళ్ళకీ స్వాతంత్య్రం వచ్చె, మా వదినకి మొగుడే రాకపాయె" అని నేను పాట కట్టి పాడితే వదిన నా జడ పట్టుకుని లాగింది. లాగుతూనే నవ్వింది.

ఆ ఇంట్లో నా వేళాకోళాలకు నవ్వే మనిషి వదిన ఒక్కతే. నాకన్నా మూడేళ్ళు పెద్దది. మొగుడు లేని అత్తవారింటికి వచ్చి, నా పక్కన మంచం వేసుకుని పడుకుని, నేను ఏం వాగినా వింటూ ఉండేది. నేను ఐదో క్లాసులోనే బడికి దణ్ణం పెట్టేశాను. లెక్కల పంతులుగారూ నేనూ ఒకళ్ళనొకళ్ళం భరించలేకపోయాం. ఆయనకు జీతం వస్తుంది కదా అని నేనే తప్పుకున్నాను. అయినా ఆ ఐదు క్లాసులే వదినకు పెద్ద చదువు. తను బడి గుమ్మం తొక్కలేదు. అన్నయ్యకు ఉత్తరాలు నాచేతే రాయించేది. తను చెప్పేది రెండు ముక్కలు: ఇక్కడ అందరం కులాసా, మీరు ఒంట్లో జాగ్రత్త. మిగతా కాగితమంతా నేనే నింపేదాన్ని. "నీకు ఈ మధ్య మాటలు బాగా వస్తున్నాయే" అని అన్నయ్య మురిసిపోతూ జవాబు రాస్తే, చదివి వినిపించి వదిన ముఖం చూడటం నాకు అప్పట్లో పెద్ద వేడుక.

మాది మామిడి వ్యాపారం. పెద్ద షావుకార్లం కాదు. ఇంటి వెనక రేకుల షెడ్డు, నాలుగు తోటలతో బేరం, అంతే. సీజనులో విస్సన్నపేట వైపు నుంచి బళ్ళు తెల్లారకముందే వచ్చి షెడ్డు ముందు ఆగేవి. కాయకు ముచ్చిక విరవడం, సొన కార్చడం, గడ్డిలో పేర్చి గంపలు కట్టడం, ఇదంతా ఆడవాళ్ళ పని. కూలికి వచ్చేవాళ్ళతోపాటు మేమూ కూర్చునేవాళ్ళం.

మామిడికాయతో బేరమాడని వాళ్ళకు ఈ సొన సంగతి తెలియదు. ముచ్చిక విరవగానే జివ్వున చిమ్ముతుంది. కాయ మీద పడితే కాయకు నల్లమచ్చ, ఆ కాయకు సగం ధర. అందుకని కాయను ఎడమచేత్తో తలకిందులుగా పట్టుకుని, కుడిచేత్తో ముచ్చిక విరిచి, సొనంతా కిందికి కారిపోయేదాకా అలాగే పట్టుకోవాలి. ఎంత ఒడుపుగా పట్టుకున్నా మొదటి చిమ్ము తగిలేది ఎడమ బొటనవేలికే. సీజను ముదిరేసరికి మా షెడ్డులో ఆడవాళ్ళందరి బొటనవేళ్ళూ మాడిన అప్పడాల్లా ఉండేవి, నల్లగా, పొక్కులు లేచి, పొరలు ఊడుతూ. వదిన చేతిలోంచి వెళ్ళిన కాయకు ఒక్క మచ్చ ఉండేది కాదని నాన్న మెచ్చుకునేవారు. ఉండదు మరి, మచ్చలన్నీ తన వేలికే తీసుకునేది.

సీజను మొదట్లో, తొలి కోతలప్పుడు, నాన్న షెడ్డులోకి వచ్చి "అమ్మాయ్, దరఖాస్తు రాయించాను, వచ్చి వేలిముద్ర వెయ్యి" అని వదినను పిలిచారు. తను చేతులు కడుక్కుని, అప్పటికే సొనకు నల్లబడ్డ వేలు కొంగుకు తుడుచుకుని బయల్దేరింది. తోడుగా నేను. తాలూకాఫీసు రెండు వీధుల అవతలే. అక్కడ గుమాస్తాగారు ఉంగుటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. వరి పండే ఊరు ఆయనది, మామిడిపండు తినడమే తప్ప సొన ఎరగడు. పైగా నైజాం సరిహద్దు గొడవలతో ఆఫీసు నిండా జనం. ఇంకుప్యాడు ముందుకు తోసి, "ఇక్కడ వెయ్యమనండి" అని నాన్నతో చెప్పి, వదిన వైపు చూడకుండా మర్యాదగా గోడ వైపు తిరిగాడు. పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకుని ముద్ర వేయించడం ఆయనకు ఇబ్బంది. మామగారు కోడలి చెయ్యి పట్టుకోరు. నాన్న కిటికీ వైపు తిరిగారు. ఇంత మర్యాద మధ్య వదిన ఒక్కతే మిగిలి, గోడకు పిడక కొట్టినట్టు వేలు ఫట్‌మని కొట్టింది.

నేను తొంగి చూశాను. కాగితం మీద ఒక నల్లటి ముద్ద. "వదినా, ఇది వేలిముద్రా, వంకాయా?" అన్నాను చెవిలో. నవ్వు ఆపుకోలేక తను కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ వంకాయ సీలు వేయించుకుని బందరు వెళ్ళింది.

వెళ్ళినది తిరిగొచ్చేసరికి బంగినపల్లి జోరు మీద ఉంది. కాగితం ఇంగ్లీషులో ఉండటంతో నాన్న దాన్ని మిషను బడి పంతులమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివి, మాకు అర్థమయ్యేలా చెప్పారు. "వేలిముద్రలో గీతలు లేవంటున్నారండీ. గీతలు లేకపోతే అసలు ముద్ర వెయ్యనట్టేనట. దరఖాస్తు పూర్తి కాలేదని తిప్పి పంపారు. ఈ నెలాఖరులోపల సరిచేసి మళ్ళీ ఇవ్వాలి. ఇవ్వకపోతే కొట్టేస్తారు."

"కొట్టేస్తే మళ్ళీ ఇంకోటి పెట్టుకోవచ్చు కదండీ?" అన్నారు నాన్న.

"పెట్టుకోవచ్చు గానీ, అక్కడి రూల్సు రోజురోజుకీ బిగిస్తున్నారంటున్నారు. మా బంధువుల్లో ఒకాయన కాగితం అలాగే ఆగిపోయింది. ఇప్పుడు పోతే మళ్ళీ దొరుకుతుందని నేను చెప్పలేను."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే వదిన తన బొటనవేలు అరచేతిలో ముడుచుకుని షెడ్డులోకి వెళ్ళబోయింది. అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఎక్కడికి?"

"గంపలున్నాయి కదండీ అత్తయ్యా."

"గంపలు గంగలో పోనీ. ఈ పూట నుంచి నువ్వు షెడ్డు గడప తొక్కితే నా మీద ఒట్టే. ఆ వేలు ఇంక నీది కాదు, సర్కారుది."

మరునాడు నాన్నతో తాలూకాఫీసుకు నేనూ వెళ్ళాను. నాకు రాత్రే ఒక గొప్ప ఉపాయం తట్టింది. "గుమాస్తాగారండీ, మా వదినకి వారంలో సంతకం నేర్పించేస్తాను. వేలిముద్ర గొడవే ఉండదు" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "బాగానే ఉందమ్మా. మొన్నటి కాగితంలో ఈవిడకి చదువు రాదని నేనే రాశాను. ఇప్పుడు సంతకం పెడితే ఆవిడ వేరు, ఈవిడ వేరు అంటారు. అప్పుడు మీ వదిన రంగూను కాదు, జైలుకెళ్తుంది."

"పోనీ కుడి బొటనవేలు? అది బంగారంలా ఉందండీ."

"రూలు ఎడమ."

"రూలు రాసినాయనకి మామిడితోట లేదనుకుంటానండీ."

"ఒసేయ్" అన్నారు నాన్న. గుమాస్తాగారు మాత్రం పెదవి కొరుక్కుని నవ్వు మింగాడు. "శెట్టిగారూ, కాయలు ఆగవు, కలెక్టరుగారూ ఆగరు. ఆ వేలికి కాస్త విశ్రాంతి ఇవ్వండి. కొత్త చర్మం వస్తే గీతలు వస్తాయి. నెలాఖరులోపల ఎప్పుడు తీసుకొచ్చినా నేను వేయిస్తాను" అన్నాడు. అప్పటిదాకా మాకు తెలిసిన కలెక్టర్లు గంపల్లో ఉండే కలెక్టరు మామిడికాయలే, పొడుగ్గా, ముక్కు వంకరగా. వాటిని మేము నిలబెట్టి బేరం చేసేవాళ్ళం. ఈ కలెక్టరుతో బేరం కుదరదని ఆ రోజు తెలిసింది.

అలా మా ఇంట్లో వేలి సేవ మొదలైంది. పొద్దున వెన్న, సాయంత్రం కొబ్బరినూనె, పైన పాత పంచె చింపి మెత్తటి గుడ్డ. అంట్లు ముట్టకూడదు, బావిలో నీళ్ళు తోడకూడదు, కూర తరగకూడదు. వదినకు అన్నం తినడానికి కుడిచెయ్యి ఉంది కదా అని వదిలేశారు గానీ, లేకపోతే అమ్మ ముద్దలు కూడా పెట్టేది. జడ నేను వేసేదాన్ని. "రాణీగారి ఎడమచేతి బొటనవేలు వేంచేస్తున్నారు, తప్పుకోండి" అని ముందు నడిచేదాన్ని.

షెడ్డులో ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నాలప్పుడు పెరట్లోకి వచ్చి మరీ వేలు చూసి వెళ్ళేవాళ్ళు.

"ఏదమ్మా, కొత్త పెళ్ళికూతుర్ని ఓసారి చూపించు" అనేది ఒక ముసలావిడ. వదిన గుడ్డ విప్పి చూపించేది. "అబ్బో, బుగ్గలొచ్చినయ్యే! మొగుడి కోసం ఉపవాసాలున్నోళ్ళని చూశాగానీ, ఇట్టా వేలిని మేపేవాళ్ళని ఇప్పుడే చూడటం."

"పిన్నీ, నీ వేలు కూడా మేపుకో, నిన్నూ రంగూను పంపిస్తాం" అనేదాన్ని నేను.

"నాకెందుకమ్మా రంగూను? నా మొగుడు ఈ ఊళ్ళోనే ఉన్నాడు, వాడినే ఎటైనా పంపు."

అందరూ నవ్వేవాళ్ళు. వదినా నవ్వేది, కానీ షెడ్డు వైపే చూస్తూ. పని లేకపోవడం తనకు పెద్ద శిక్ష. మొగుడు పక్కన లేని కోడలు, చేతిలో పని కూడా లేకపోతే ఆ ఇంట్లో తను ఏమిటో తనకే తెలియనట్టు వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేది. ఎప్పుడైనా గుడ్డ విప్పి, వెలుగుకు వేలు పెట్టి, గీతలు వచ్చాయో లేదో చూసుకునేది. "ఇదిగో ఇక్కడ ఒకటి వచ్చింది చూడు అమ్మాయ్" అని చూపించేది. వచ్చేవి కూడా. లేత గులాబీ రంగు చర్మం, దాని మీద సన్నటి గీతలు. పది పన్నెండు రోజులకు ఆ వేలు చూస్తే ముద్దొచ్చేలా తయారైంది. సోమవారం మంచిది, ఆఫీసుకు వెళ్దామని నాన్న నిశ్చయించారు.

సోమవారం పొద్దున్నే తలంటు పోసుకుని వచ్చి వదిన నా ముందు కూర్చుంది. జడ వేసి, కట్టు మార్చడానికి చెయ్యి పట్టుకున్నాను. వెనక్కి లాక్కుంది.

"నేను విప్పుకుంటాలే."

"రోజూ నేనే కదా విప్పేది?"

"ఇవాళ వద్దులే అమ్మాయ్."

నాకు అనుమానం వచ్చి గుడ్డ లాగేశాను. లోపల వేలు చివర మళ్ళీ నల్లబడి ఉంది. నల్లబడ్డ చోట పక్కగా ఎర్రగా పొక్కి ఉంది. గోరు మూలలో పసుపు పచ్చగా ఏదో అంటుకుని ఉంది. వాసన చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఆవపిండి.

గుడ్డ చేతిలో పట్టుకునే అమ్మను కేకేశాను.

అమ్మ వచ్చి చూసింది. వదిన తల ఎత్తలేదు. మెల్లగా చెప్పుకొచ్చింది. ఆదివారం రాత్రి, అందరూ పడుకున్నాక, కొత్తగా దిగిన గంపలోంచి కాయలు తీసుకుందట. గుడ్డతో పట్టుకుంటే కాయ జారిపోతుందని కట్టు విప్పిందట. ముచ్చికలు విరిచి, కడిగి, తుడిచి, ముక్కలు కొట్టి, కారం, ఆవపిండి, ఉప్పు కలిపి చిన్న జాడీకి ఎత్తి ధాన్యం గాదె వెనక పెట్టింది. ఎందుకంటే, పర్మిట్టు వచ్చేసరికి కాయ ఉండదు. ఇప్పుడు పెట్టకపోతే మళ్ళీ ఏడాది దాకా ఆయనకు ఆవకాయ లేదు. అక్కడ దొరకదు. కాపురానికి వెళ్ళే ఆడపిల్ల సారె పట్టుకుని వెళ్ళాలి. తనకు సారె పెట్టడానికి అమ్మ లేదు.

"ఉత్త చేతుల్తో ఎలా వెళ్తానండీ అత్తయ్యా?" అంది చివరికి.

వెళ్ళడానికి కావలసిన వేలినే తగలబెట్టుకుని, వెళ్ళాక ఏం పట్టుకెళ్ళాలా అని ఆలోచించిన మనిషి.

అమ్మ గాదె వెనకకు వెళ్ళి జాడీ తెచ్చింది. మూతికి కట్టిన గుడ్డ విప్పి, ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని నమిలింది. పిడుగు పడుతుందని మేమిద్దరం గోడకు అతుక్కుపోయాం.

"బంగినపల్లికాయతో ఆవకాయ ఏంటే?" అంది.

వదిన బిత్తరపోయి చూసింది. "షెడ్డులో అదే ఉందండీ."

"షెడ్డులో గడ్డి కూడా ఉంది, అదీ పెట్టలేకపోయావా? పులుపేదీ ఇందులో? వాడి నాలిక నీకు తెలుసా, నాకు తెలుసా? పులుపు లేని ఆవకాయ వాడు ముడతాడా? నన్ను అడగడానికి నోరు పడిపోయిందా నీకు?"

అరిచినంతసేపూ అమ్మ చేతులు ఊరుకోలేదు. వదిన చేతిని చన్నీళ్ళలో ముంచింది, ఆవపిండి కడిగింది, వెన్న రాసింది, గుడ్డ చుట్టింది. అరుపులు నోటితో, కట్టు చేత్తో. రెండూ ఒక మనిషివేనా అనిపించింది నాకు. కట్టు ముడి వేశాక వదిన గడ్డం పట్టుకుని పైకెత్తి, "సారె పెట్టడానికి అమ్మే ఉండాలా? అత్త చేస్తే ఆవకాయకి బూజు పడుతుందా?" అంది. అప్పుడు ఏడ్చింది వదిన. అప్పటిదాకా ఏడవలేదు.

ఆఫీసుకు వెళ్ళడం వాయిదా పడింది. ఆ రోజు మధ్యాహ్నమే అమ్మ మనిషిని తోటకు పంపి పుల్లటి కాయ తెప్పించింది. ముక్కలు తనే కొట్టింది, కలిపింది తనే. మూడో రోజు తిరగ కలిపి నూనె పోసిందీ తనే. వదినను పీట మీద కూర్చోబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకోమని చెప్పి, "చూస్తూ ఉండు, వచ్చే ఏడు అక్కడ నువ్వే పెట్టాలి" అంది. వదిన పెట్టిన ఆ బంగినపల్లి ఆవకాయ తర్వాత మేమే తిని పూర్తి చేశాం. నిజంగానే బాగాలేదు. ఎవరమూ ఆ మాట అనలేదు, నాతో సహా.

కానీ నెలాఖరు దగ్గరికొచ్చేసింది. వేలు మాత్రం ఎవరి మాటా వినదు. రోజూ కట్టు విప్పి, అందరం దాని మీదికి వంగి చూడటం. నాన్న కూడా, దూరం నుంచే, "ఎలా ఉంది?" అని అడిగేవారు. అన్నయ్యకు ఒంట్లో బాగాలేనప్పుడు కూడా ఆయన గొంతు అలా లేదు. వేలి మధ్యలో గీతలు నిలిచాయి గానీ, కొసన నలుపు పోలేదు. ఇక ఆఖరి రోజు వచ్చింది. ఆ సాయంత్రం దరఖాస్తు బందరు తపాలా సంచీలో పడకపోతే ఇక అంతే.

ఈసారి అమ్మ కూడా బయల్దేరింది. తాలూకాఫీసులోకి మా ఇంటి ఆడవాళ్ళు ముగ్గురు ఒకేసారి అడుగు పెట్టడం అదే మొదలు. గుమాస్తాగారు లేచి నిలబడ్డాడు. వేలు చూసి ముఖం చిట్లించాడు.

"కొసన మళ్ళీ ఏంటండీ ఇది?"

"సారె" అన్నాను నేను.

ఆయనకు అర్థం కాలేదు, అడగనూ లేదు. చిత్తు కాగితం ఒకటి ముందు పెట్టి, "ముందు దీని మీద చూద్దాం. మొత్తం వేలు పడక్కర్లేదు, మధ్యలో గీతలు తేలితే చాలు. నెమ్మదిగా దొర్లించాలి, కొట్టకూడదు" అన్నాడు. వదిన వేసింది. వేలు జారి అలుక్కుపోయింది. మళ్ళీ వేసింది. సగం పడింది, సగం మసి. "ఇంకు ఎక్కువైంది. కొంచెం చెయ్యి పట్టుకుంటే..." అంటూ ఆయన అలవాటుగా చెయ్యి సాచి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. నాన్న మళ్ళీ కిటికీ వైపు తిరిగారు.

"మీరు జరగండి నాయనా" అంది అమ్మ.

బల్ల పక్కకు వచ్చి నిలబడి, తన కొంగుతో ఆ వేలిని శుభ్రంగా తుడిచింది. ఇంకుప్యాడు మీద ఆనీ ఆనకుండా అద్దింది. పసిపిల్లకు కాటుక పెట్టేటప్పుడు పిల్ల కదలకుండా మనం ఊపిరి బిగపడతాం చూడండి, అలా బిగపట్టింది. ఈసారి చిత్తు కాగితం మీద కాదు, అసలు కాగితం మీదే పెట్టింది. గుమాస్తాగారు "అమ్మా, అది..." అనబోయాడు. అప్పటికే వేలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెత్తగా దొర్లింది. అమ్మ వేలిని పైకి ఎత్తింది.

గడి మధ్యలో, ఒకదాని లోపల ఒకటి, సన్నటి గీతలు చుట్టుకుని ఉన్నాయి. కొసన మసక ఉంది, ఉన్నా నడుమ అంతా తేటగా ఉంది. గుమాస్తాగారు కాగితం వెలుగుకు పెట్టి చూసి, తల పంకించి, "పడిందండీ శెట్టిగారూ" అన్నాడు. నాన్న కిటికీ దగ్గర నుంచి ఇటు తిరగడానికి కొంచెం సేపు పట్టింది.

వదిన బల్ల మీదికి వంగింది. తన ముద్రను తను మొదటిసారి చూడటం. "ఇన్ని గీతలున్నాయా నాకు?" అంది.

ఆ దరఖాస్తు ఈసారి తిరిగి రాలేదు. వానలు వెనకబడ్డాక పర్మిట్టే వచ్చింది. రంగూను వెళ్తున్న ఒక కుటుంబం విశాఖపట్నంలో ఓడెక్కుతున్నారని తెలిసి, వాళ్ళతో పంపడానికి నిశ్చయమైంది. ఇంట్లో సందడంతా అయింది, సామాను కట్టడం అయింది, నాన్న వెంట వెళ్ళి దిగబెట్టి వచ్చేటట్టు ఏర్పాటయింది. నాకు మాత్రం ఒకటే ఆలోచన. బస్సు దగ్గర ఏం జోకు వెయ్యాలి? మామూలుది పనికిరాదు. ఓడ దిగేదాకా తలచుకుని నవ్వుకునేది కావాలి. వారం రోజులు ఆలోచించి ఒకటి తయారు చేసుకున్నాను. దాన్ని మనసులో పదిసార్లు అనుకుని చూసుకున్నాను కూడా.

బొగ్గుతో నడిచే బస్సు ఉండుండి దగ్గుతూ బజారు చివర నిలబడింది. వదిన అమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టింది. కొత్త చీర గరగరలాడుతూ నా దగ్గరికి వచ్చింది. నేను నోరు తెరిచాను. తయారు చేసుకున్న జోకు బయటికి రాలేదు. నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాను. ఎన్నడూ నోరు పడిపోని మనిషి, అంతమంది బజారులో, చేపలా నోరు తెరిచి మూస్తూ నిలబడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

వదిన నా ముఖం చూసింది. చూసి, పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే నన్ను గట్టిగా పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కింది. కిటికీలోంచి తల బయటపెట్టి, బస్సు మలుపు తిరిగేదాకా ఇంకా నవ్వుతూనే ఉంది.